అడవిదున్న గండయ్య చిరాకు

నల్లవాగు అడవిలో ఒక అడవిదున్నల మంద ఉండేది. ఆ మందకు పెద్ద గండయ్య. పసుపుముక్కి అనే గోరువంకకు అతని వీపే వంటిల్లు. తెల్లవారగానే పిల్లను వెంటేసుకుని వచ్చి వాలేది, అతని ఒంటికి పట్టిన పిడుదుల్ని ఏరి తినేది. పొదల్లో పులి కదిలితే గట్టిగా అరిచి చెప్పేది. తరాలుగా అక్కడ దున్నలకూ గోరువంకలకూ ఇదే ఒప్పందం.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. పొర్లడానికి బురద కూడా మిగల్లేదు. గండయ్య అయినదానికీ కానిదానికీ చిర్రుబుర్రులాడుతూ, రోజూ వీపు మీది పిట్టల్ని తోకతో కొట్టసాగాడు.

“అది ముక్కా, ముల్లా? మెల్లగా పొడవలేవూ?”

“చెవిలో పిడుదుంది బాబాయ్. కాస్త ఓర్చుకో.”

“నాకే చెబుతావా? నోర్ముయ్!” అంటూ తోక విసిరాడు. ఆ దెబ్బకు పిల్ల కిందపడింది. రెండు ఈకలు ఊడిపోయాయి.

పసుపుముక్కికి ఒళ్ళు మండింది. ఏం పాపం చేసిందని ఆ పసిదాన్ని కొట్టడం?

“అమ్మా, తాతకు నా మీద కోపమా?” పిల్ల వెక్కుతూ అడిగింది.

“కోపం కాదమ్మా, చిరాకు. ఎవరైనా తప్పు చేస్తే వచ్చేది కోపం. చిరాకుకు ఎవరి తప్పూ అక్కర్లేదు. ఎండకొస్తుంది, నిద్ర చాలకపోతే వస్తుంది. నాకూ వస్తుంది. అలాగని నిన్ను కొడతానా?”

ఆ పూటే అది గండయ్యను విడిచి, బోదమ్మ అనే ముసలి దున్న వీపుకు మారింది.

మూడోనాడు ఎండుగడ్డిలో చారలు కదిలాయి. కోపం ఇంకా చల్లారకపోయినా పసుపుముక్కి ఊరుకోలేదు. “పులి! బాబాయ్, నీ వెనకే పులి!”

మందంతా పరుగందుకుంది. గండయ్య మాత్రం తలెత్తి, “మళ్ళీ మొదలెట్టావూ నీ గోల! నా వీపు వదిలినా నా చెవులు వదలవా?” అని పిట్టను కసురుతూ నిలబడ్డాడు.

పులి పంజా అతని తొడను చీల్చేసింది. ఎలాగో తన్ని తప్పించుకున్నాడుగానీ, కాలు కుంటిదైంది. ఆనాటి నుంచి మంద బోదమ్మ వెంట నడిచింది.

పుండు మీద ఈగలు ముసురుతుంటే గండయ్య బతిమాలాడు. “ఒక్కసారి వచ్చి వాలవే తల్లీ!”

“పులి వస్తే ఇప్పుడూ అరిచి చెబుతాను, బాబాయ్. అది నా ధర్మం. నీ వీపు మీదికి మాత్రం నా బిడ్డను తీసుకురాను. పులి నిన్ను ఒక్కరోజే కొట్టింది. నువ్వు మమ్మల్ని రోజూ కొట్టావు.”

గండయ్య తల దించుకున్నాడు. ఈసారి కసరలేదు.

నీతి: చిరాకు ఎవరికైనా వస్తుంది, దాన్ని మన మేలు కోరేవాళ్ళ మీద చూపించేవాడు ఆపదలో వాళ్ళ మాట వినలేడు, ఆపద తీరాక వాళ్ళ తోడు పొందలేడు.