శాసనం కింద మూకుడు

దగ్గరగా జరగండి నాయనా, ఆ చదువుల తల్లికి దణ్ణం పెట్టి చెబుతా వినండి.

పూర్వం ఒక రాజు పాటిదిబ్బ తవ్విస్తున్నాడు. పాతకాలపు ఊరు మట్టిలో కలిసిన చోటన్నమాట. అక్కడ ఆస్థాన పండితుడు సోమయాజికి మాత్రం కడుపు మండిపోతోంది. ఏ పెంకు దొరికినా రాజు దిబ్బ మీద కుండలు చేసుకునే నాంచారమ్మనే అడుగుతాడు. "పై పొర నిన్నటిది, అడుగు పొర తాతలనాటిది ప్రభూ," అని ఆమె ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. నాలుగు శాస్త్రాలు చదివిన తాను పక్కన దిష్టిబొమ్మలా నిలబడాలి!

ఆ అసూయతో, పాతకాలపు రాజెవరో ఆ దిబ్బను తన ముత్తాతలకు దానమిచ్చినట్టు రాగిరేకు మీద శాసనం చెక్కించి, గుంత అడుగున పాతేశాడు. మర్నాడు రాజు ఎదుట అది బయటపడగానే, "నాంచారీ, ఇక నీ కుండలు కాల్చే ఆవం ఎత్తేసి నడువు!" అన్నాడు.

ఆమె గుంతలోకి వంగి చూసింది. "సామీ, కిందున్నదే పాతదని ఒప్పుకుంటారా?"

"నీ దగ్గర నేర్చుకోవాలా? ముమ్మాటికీ!"

"అయితే రేకు ఎత్తండి."

కింద మూకుడు! అంచున ఆమె బొటనవేలి గుర్తు.

"పోయిన నెల మీ ఇంటికిచ్చిందే సామీ. మరి మీ ముత్తాతలు దీని తరవాత పుట్టారా?"

రాజు ఫక్కున నవ్వి, అంతలోనే సోమయాజి మీద కళ్ళెర్రజేశాడు.

"వదిలేయండి ప్రభూ," అంది నాంచారమ్మ. "అక్షరానికి మట్టి తగలకూడదని మూకుడు పెట్టారు. రేకు కొత్తదైనా ఆ భక్తి పాతదే."

ఆవం నిలిచింది, పండితుడి తల దక్కింది. కానీ తనను కాపాడిన ఆ మాట తనకే ఎందుకు తట్టలేదా అని సోమయాజి ఇంటిదాకా కుళ్ళుకుంటూనే నడిచాడు.