ఆవలి గట్టు రొట్టె

సిలారు విసిరిన రొట్టె వాగు మధ్యదాకా బాగానే పోయింది. అక్కడ ముందంచు పైకి లేచింది. గాలిలో కాసేపు ఆగినట్టే ఆగి, వెనక్కి జారి నీళ్ళలో పడింది.

దాని వెనక వేసిందీ అంతే. ఆ తర్వాతదీ అంతే.

ఆవలి గట్టు మీంచి గొల్ల బాలంకమ్మ గొంతు నీటి హోరు దాటుకుని వచ్చింది. "ఒరే సిలారూ, చేపలకు పండగ చేస్తున్నావురా నాయనా. మాకూ ఒకటి మిగిల్చు."

ఈవలి గట్టున నిలబడ్డవాళ్ళు నవ్వారు. సిలారు నవ్వలేదు.

కొండ కింద ఆ వాగుకు ఈవల దర్గా, ఆవల మేత బీడు. వానాకాలం మొదలు కాగానే గొల్లలు మందలు తోలుకుని ఆవలికి పోయేవాళ్ళు. కొండ మీద గట్టిగా వాన పడితే వాగు ఉన్నట్టుండి పొంగేది. పొంగిందంటే మనిషి దిగలేడు, తెప్ప నిలవదు. తీసుకుపోయిన పిండి అయిపోతే, వాగు తగ్గేదాకా వాళ్ళకు దర్గా రొట్టే ఆధారం.

గోధుమపిండిలో బెల్లం కలిపి నిప్పుల మీద కాల్చిన గట్టి రొట్టె అది. చిన్న పళ్ళెమంత వెడల్పు, బొటనవేలంత మందం. వాగు ఇరుకైన చోట బండ మీద నిలబడి, గాలిలో పడుకోబెట్టినట్టు విసరాలి. ఆవల గొల్లలు గొంగళ్ళు పరిచి పట్టుకుంటారు. ఆవలి గట్టు తిన్నాకే దర్గాలో ఎవరైనా తినాలి. అది అక్కడి ఆనవాయితీ.

ఆ రొట్టెలు కాల్చింది మా అవ్వ తల్లి ఇమాంబీ. పీర్ల పండక్కి పిండి కలిపేటప్పుడు మా అవ్వ ఈ సంగతి చెప్పేది. పిండి పిసుకుతూ చెప్పేది కాబట్టి మధ్యమధ్య ఆగేది. మేమూ ఆగి కూర్చునేవాళ్ళం.

దర్గా చూసుకునేది బుడన్ తాత. ఎముకల మీద చొక్కా తగిలించినట్టుండే మనిషి. ఎన్నో వానాకాలాలు ఆ బండ మీంచి ఆయనే విసిరాడు. ఆయన రొట్టె నీళ్ళపాలు కావడం అరుదట. కుడి భుజం పట్టేసేసరికి ఆ ఏడు ఆ పని శిష్యుడు సిలారుకు అప్పగించాడు.

సిలారు దుక్కలాంటివాడు. దర్గా మెట్లకు బండలన్నీ భుజాన వేసుకుని మోసినవాడు. ఎండాకాలమంతా ఎండిన వాగులో దిగి పిడకలు విసిరి సాధన చేశాడు. పొయ్యిలోకి పిడక మిగల్చడం లేదని ఇమాంబీ అతని మీద కేకలేసేది కూడా. అయినా మానలేదు. ఆవలి గట్టు వాళ్ళు ఆ రొట్టెను పట్టుకుని "ఇది సిలారు వేసింది" అని చెప్పుకోవాలని అతని కోరిక. ఎవరితోనూ అనలేదు గాని, అందరికీ తెలుసు.

గురువును ఎప్పుడు అడిగినా ఒకటే అడిగేవాడు. "తాతా, చెయ్యి చూపించు."

తాత చూపించేవాడు. సిలారు పక్కనే గొంతుక్కూర్చుని చూసేవాడు. బొటనవేలు ఎక్కడ ఆనిస్తున్నాడు, మణికట్టు ఎంత వంచుతున్నాడు, చివరికి ఏ వేలు వదులుతోంది. అన్నీ అచ్చంగా అలాగే పట్టేవాడు. ఆపైన తన బలమంతా కలిపి లాగేవాడు. ఎంత బలంగా లాగితే అంచు అంత పైకి లేచేది.

ఆ రోజు బుట్టలో సగం నీళ్ళపాలయ్యాక తాత, "కాస్త జరుగు నాయనా," అన్నాడు. మిగిలిన సగం ఆయనే వేశాడు. అన్నీ అందాయి. ఆఖరిది వేశాక పెదవులు బిగబట్టి బండ మీదే కూలబడ్డాడు.

సాయంత్రం సిలారు ఉప్పు మూట వేడి చేసి ఆయన భుజానికి కాపడం పెట్టాడు.

"నావల్లే నీకీ బాధ తాతా."

"ముసలితనం వల్ల. కాస్త కిందికి పెట్టు."

"నీ చేతికంటే నా చెయ్యి బలమైంది కదా?"

"చాలా."

"మరెందుకు పోదు? నువ్వేదో దాస్తున్నావు."

"ఎక్కడ దాస్తానురా. ఉన్నవి రెండు చొక్కాలు."

"నవ్వులాట కాదు తాతా. ఆవల బాలంకమ్మ కోడలు పచ్చి బాలింత. నువ్వు చెయ్యి ఎత్తలేక, నేను వేసింది అందక, ఆ పిల్ల పస్తుంటే బిడ్డకు పాలెట్లా పడతాయి?"

తాత మెడ తిప్పి అతని మొహంలోకి చూశాడు. ఎండాకాలం నుంచి రొట్టె మాటా, చేతి మాటా తప్ప అతని నోట ఇంకో మాట విన్నది అప్పుడే.

తెల్లారేసరికి వాగు మోకాటి లోతుకు తగ్గింది. తాత ఒక చిన్న మూట సిలారు చేతిలో పెట్టాడు.

"వాము. రొట్టెలు కాలేదాకా ఆగకు, ఆ బాలింతకిచ్చి రా."

సిలారు కొండ వైపు చూశాడు. "మబ్బు పట్టింది తాతా."

"చూశాను."

"నేను ఆవల ఉండగా వాగొస్తే?"

"వస్తే అక్కడే ఉండు."

సిలారుకు అర్థం కాలేదు. కానీ గురువు మాట. పంచె ఎగ్గట్టుకుని దిగాడు.

వాము మూట బాలంకమ్మకిచ్చి ఇంకా మాట పూర్తి చేయలేదు, వెనక వాగు గర్జించింది. చూస్తుండగానే తను నడిచొచ్చిన రాళ్ళు మునిగిపోయాయి.

"ఉన్న నోళ్ళు చాలవని ఇంకో నోరు పంపాడా మీ తాత," అంది బాలంకమ్మ.

"నేను తినను లే అత్తా."

"ఎందుకు తినవు, కొండంత ఉంది నీ ఒళ్ళు. కూర్చో." తన గొంగడి అతని కిందకు నెట్టింది.

గుడిసెలో అడుగునున్న పిండి తడిసి ముక్కిపోయింది. ఉన్న కాసింత మంచి పిండితో ఆమె జావ కాచింది. ముందు కోడలికి పోసింది. తర్వాత మగవాళ్ళకు. సిలారు గిన్నెలో పడింది దాదాపు వేణ్ణీళ్ళే. ఆమె గిన్నెలో ఏమీ పడలేదని అతను తాగాక గాని చూసుకోలేదు.

వాన ఆగలేదు. మర్నాడు జావ కూడా లేదు. తడిసి ముడుచుకున్న గొర్రెలు పాలు ఎగ్గొట్టాయి. గుడిసెలో బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఆ కోడలు పిల్ల బిడ్డను ఈ రొమ్ము నుంచి ఆ రొమ్ముకు మార్చి, ఆ రొమ్ము నుంచి ఈ రొమ్ముకు మార్చి, చివరికి అటు తిరిగి తనూ ఏడ్చింది.

సిలారు బయటికి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఇక్కణ్ణుంచి చూస్తే దర్గా ఎంతో దూరంగా ఉంది. నీళ్ళలో పడిపోయిన రొట్టెలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

కొంతసేపటికి ఎదుటి బండ మీదకు బుట్టతో ఎవరో వచ్చారు. తాత.

గొల్లలందరూ లేచి వచ్చారు. సిలారు అలవాటు కొద్దీ తాత చేతి వంక చూశాడు. చెయ్యి కనబడలేదు. వేళ్ళు లేవు, మణికట్టు లేదు. ఆ దూరానికి, ఆ వాన తెరలో, ఆయన ఒక తెల్ల గుడ్డంత మాత్రం ఉన్నాడు.

ఆ తెల్ల గుడ్డ వాగుకు వీపు తిప్పి నిలబడింది.

ముందు పాదం కదిలింది. పాదం వెంట నడుము తిరిగింది. నడుము వెంట భుజం. నిండుగా గింజలు పోసిన తిరగలి మొదటి చుట్టు తిరిగినట్టు, ఎక్కడా తొందర లేదు. చెయ్యి అన్నిటికంటే ఆఖర్న, పిలిస్తే వచ్చినట్టు వచ్చింది. రొట్టె ఎప్పుడు వదిలిందో సిలారుకు తెలియలేదు. నీళ్ళ మీద నిలువెత్తున, లేవకుండా వంగకుండా వచ్చింది. గట్టు దగ్గర నెమ్మదించి బాలంకమ్మ గొంగట్లో పడుకుంది.

"గుడ్లప్పగించి చూస్తావేం. కొస పట్టుకో," అందామె.

సిలారు గొంగడి కొస పట్టుకున్నాడు. ఇంకోటి వచ్చింది. మరొకటి. ఒక్కోదానికీ మధ్య తాత నిలబడిపోయే వ్యవధి పెరుగుతూ వచ్చింది. ఒకసారి నిలబడ్డవాడు మళ్ళీ తిరగలేదు. ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని మెల్లగా బండ మీద కూర్చున్నాడు.

అప్పటికి అందినవి చాలు. బాలంకమ్మ మొదటి రొట్టెను రాతి మీద కొట్టి, ముక్కలు వేణ్ణీళ్ళలో నానబెట్టి కోడలికి తినిపించింది. పొద్దు గూకేవేళకు బిడ్డ ఏడుపు ఆగింది. సిలారు ఆ తర్వాతే తన ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

వాగు తగ్గాక తిరిగొచ్చాడు. తాత కుడిచెయ్యి తువ్వాలుతో మెడకు కట్టుకుని ఉన్నాడు. మంచినీళ్ళ చెంబు కూడా ఎత్తలేకపోతున్నాడు.

"ఆ పిల్ల ఎలా ఉంది?" అన్నాడు.

"పాలు పడ్డాయి తాతా."

అంతే మాట్లాడుకున్నారు. చెయ్యి చూపించమని సిలారు మళ్ళీ అడగలేదు. పిడకల జోలికి పోలేదు. బావి దగ్గర చేదతో నీళ్ళు తోడేటప్పుడు మాత్రం ఇదివరకులా గుంజడం మానేసి, పాదాల వంక చూసుకుంటూ నెమ్మదిగా తోడేవాడట. కడవ నిండటానికి ఇంతసేపా అని ఇమాంబీ సణిగింది.

మళ్ళీ కొండ మీద వాన పడింది. మళ్ళీ వాగొచ్చింది.

సిలారు నెత్తిన తెల్ల తువ్వాలు కప్పుకుని బుట్ట తీసుకుని బండ ఎక్కాడు. తాత వచ్చి పక్కనే ఒక రాతి మీద కూర్చున్నాడు. సిలారు ఆయన వంక చూడలేదు. వాగుకు వీపు తిప్పి నిలబడ్డాడు. ఊపిరి కుదురుకునేదాకా అలాగే ఉన్నాడు.

పాదం కదిలింది.

రొట్టె ఎలా పోతోందో అతను చూడలేదు. ఆవలి గట్టున గొంగడి బరువుకు కుంగుతుందా అని చూశాడు. కుంగింది. వంగి ఇంకోటి తీసుకున్నాడు. గాలి తిరిగి ఒకటి పక్కకు పోయి నీళ్ళలో పడింది. అతను తొందరపడలేదు. తర్వాతది పడలేదు, ఆ తర్వాతదీ పడలేదు. బుట్ట ఖాళీ అయింది.

ఆవలి నుంచి, వాన తెర దాటి, బాలంకమ్మ గొంతు వచ్చింది. ఈసారి వెటకారం లేదు. బండ మీది తెల్ల తువ్వాలును చూసి ఎంతో ప్రేమగా అడిగింది.

"తాతా, భుజం నయమైందా?"

సిలారు నడుము నిఠారుగా చేసి నిలబడ్డాడు. ఎండాకాలం నుంచి ఎదురుచూసిన మాట వేరు. నోరు తెరిచి, ఆగి, తాత వైపు చూశాడు.

తాత ఖాళీ బుట్టను ఎడమ చేత్తో దగ్గరకు లాక్కుంటున్నాడు.

"అడుగుతోంది కదా. చెప్పు," అన్నాడు. "నయమైందని."

సిలారు రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టుకున్నాడు.

"నయమైంది తల్లీ," అని కేకేశాడు.