రాజుగారి మట్టిముఖం

అనగనగా శివరగిరి అనే రాజ్యం. ఆ రాజ్యానికో వింత ఆచారం ఉండేది. రాజు దూరప్రయాణం వెళ్లినా సింహాసనం ఖాళీగా ఉండకూడదు. అందుకని అచ్చం రాజును పోలిన మట్టితల ఒకటి చేయించి అక్కడ పెట్టేవారు. కష్టం వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి చెప్పుకునేవారు. పక్కనే లేఖకుడు కూర్చుని రాసుకునేవాడు. రాజు తిరిగొచ్చాక తీర్పు చెప్పేవాడు. మట్టితో చెప్పుకోవడమేమిటని నవ్వకండి పిల్లలూ. కొందరు మనుషులకు చెప్పుకోవడం కంటే అదే నయం.

ఆ ఏడు ధీరసింహ మహారాజు తీర్థయాత్రకు వెళ్లదలచి, తల చేసే పని కుమ్మరి ఓబులమ్మకు అప్పగించాడు. ఓబులమ్మ చేసే మట్టిబొమ్మలకు మాటొక్కటే తక్కువ. ఆమె చేసిన ముసలవ్వ బొమ్మను చూస్తే చేయి పట్టుకుని నడిపించాలనిపించేది. ఏడ్చే పసివాడి బొమ్మ చేస్తే తల్లులు కొంగుతో దాని కళ్లు తుడవబోయేవారు.

ఇదివరకు ఈ తలలు కుమ్మరి ఇంట్లోనే తయారయ్యేవి. ధీరసింహుడు మాత్రం తన కళ్లముందే చేయమన్నాడు. సరేనని ఓబులమ్మ కొలువులోనే కూర్చుని రెండు రోజుల్లో పని ముగించింది. కోరమీసం, కొనదేరిన ముక్కు, పైకెత్తిన గడ్డం, అన్నీ కుదిరాయి. ఇక వెదురుబద్ద తీసుకుని తల వెనక మట్టి తోడబోయింది.

"ఆగవే!" అని కేక వినిపించింది. అరిచినవాడు స్తుతిపాఠకుడు జగ్గన్న. రాజు తుమ్మినా పొగిడే రకం. "ఏమిటా పని?"

"లోపల గుల్ల చేయాలి బాబూ. లేకపోతే ఆవంలో పెట్టి కాల్చేటప్పుడు నిలవదు."

"ఏలినవారి తల గుల్ల అని లోకానికి చాటుతావా?"

కొలువంతా గుసగుసలాడింది. రాజు ముఖం ఎర్రబడింది. "చిటికెడు మట్టి కూడా తీయడానికి వీల్లేదు" అన్నాడు.

రాజుతో వాదమెందుకని ఓబులమ్మ వెదురుబద్ద పక్కన పెట్టేసింది. తల నిండుగానే ఆవంలోకి వెళ్లింది. సగం కాలకముందే ఢామ్మని పేలింది. ముక్కు ఒక మూల పడింది, మీసం ఒక మూల పడింది.

"సరిగా ఆరలేదు, అంతే" అన్నాడు జగ్గన్న.

రెండోసారి చేసిన తలను పదిహేను రోజులు నీడన ఆరబెట్టారు. పురోహితుడు ముహూర్తం పెట్టాడు. మామూలు కట్టెలు రాజుగారికి తగవని గంధపుచెక్కలతో కాల్చారు. అదీ పేలింది. ఈసారి ఊరంతా ఘుమఘుమలాడింది, అంతే తేడా.

"ఇది కావాలనే చేస్తోంది ప్రభూ" అని జగ్గన్న రాజు చెవిలో ఊదాడు. రాజుకు కోపం నషాళానికంటింది.

"మూడోసారీ పగిలిందో, ఏటిగట్టున ఉన్న మట్టిదిబ్బ మీద కుమ్మరులెవరూ ఇక గునపం వేయకూడదు" అన్నాడు.

ఆ దిబ్బ మట్టితోనే నలభై ఇళ్లలో పొయ్యి వెలిగేది. ఓబులమ్మ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"దిగులెందుకు వదినా?" అన్నాడు మరిది కొండయ్య. "ఆరబెట్టడానికి ఇంటికే తెస్తావు కదా. అప్పుడు లోపలి మట్టి తోడేయ్. వెనక పలచగా ఒక బిళ్ల అతికించు. ఎవడు చూడొచ్చాడు?"

ఓబులమ్మ మనసు అటే లాగింది. నలభై ఇళ్లు మరి! అయినా చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

"వద్దు కొండయ్యా. నేను దొంగచాటుగా చేస్తే, నిండు తల నిప్పులో నిలుస్తుందని రాజుగారు నమ్ముతారు. రేపు ఇంకో కుమ్మరిని అట్లాగే చేయమంటారు. నా అబద్ధానికి వాడి బతుకు పేలిపోతుంది."

మర్నాడు కొలువులో మూడో తల మొదలుపెట్టి రెండు రోజుల్లో చేసింది. అందరూ చూస్తుండగానే దాని వెనక వెదురుబద్ద దించింది.

"రాజద్రోహం!" అన్నాడు జగ్గన్న. భటులు ముందుకు దూకారు.

"ఒక్క మాట మహారాజా. ఆపైన తమ చిత్తం" అంది ఓబులమ్మ. ఆమె చేయి మాత్రం ఆగలేదు. రాజు భటులను ఆగమన్నాడు.

"మట్టి ఎంత ఆరినా, మందంగా ఉన్నచోట లోపల చెమ్మ దాక్కుంటుంది. సెగ తగలగానే బయటికి రావాలని చూస్తుంది. దారి లేకపోతే బద్దలుకొట్టుకుని వస్తుంది. మా తాతల నాటినుంచి దేవుడి తలలు కూడా గుల్ల చేసే కాలుస్తున్నాం. దేవుడికి లేని నామోషీ తమకెందుకు? ఇంకొక సంగతి. ఈ ముఖం ముందుకు జనం ఏడుస్తూ వస్తారు. లోపలంతా తమరే నిండిపోతే, వాళ్ల కష్టాలు ఎక్కడ పడతాయి మహారాజా?"



రాజు కనుబొమల ముడి మెల్లగా విడింది. గడ్డం కిందికి దిగింది. పెదవులు కాస్త విచ్చుకున్నాయి, తల ఆమె వైపు ఒరిగింది. ఇన్నేళ్ల కొలువులో ఆయన ఒకరి మాట చివరిదాకా వినడం అదే మొదలు.

ఓబులమ్మ అది చూసింది. చూడగానే భయం, భటులు, మట్టిదిబ్బ అన్నీ మరిచిపోయింది. బొటనవేలితో బొమ్మ గడ్డం దించింది. కనుబొమల ముడి చెరిపేసింది. పెదవుల మధ్య గోటితో సన్నగా గీసి, మెడను వేలెడు పక్కకు వంచింది. రాజు ఆపలేదు.

ఆ తల ఆరి ఆవంలోకి వెళ్లిన రోజు నలభై ఇళ్లవాళ్లూ చుట్టూ చేరి ఊపిరి బిగబట్టారు. చప్పుడు లేదు. మూడో రోజు పొద్దున్న బూడిద తొలగిస్తే, తల ఎర్రగా, చెక్కు చెదరకుండా బయటపడింది. వేలితో మీటితే ఖంగుమంది. ఓబులమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని భోరున ఏడ్చింది.

సింహాసనం మీద పెట్టిన ఆ ముఖాన్ని రాజు చాలాసేపు చూశాడు.

"ఇది నేనేనా ఓబులమ్మా? అద్దంలో ఈ ముఖం ఎన్నడూ చూడలేదే!"

"అద్దంలో కనబడదు మహారాజా. ఎదుటివాళ్లు చెప్పుకుంటుంటే వింటారే, అప్పుడే వస్తుంది. నేనూ ఒక్కసారే చూశాను."

రాజు తల దించుకున్నాడు. మట్టిదిబ్బ ఎప్పటికీ కుమ్మరులదేనని అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు. తర్వాత మట్టితలను తన చేతులతోనే ఎత్తి పక్కన పెట్టి, సింహాసనం మీద తాను కూర్చున్నాడు.

"యాత్ర వచ్చే ఏడు చూద్దాం. ముందు ఈ ముఖం నాకు అలవాటు కావాలి. కష్టం చెప్పుకోవడానికి బయట నిలబడ్డవాళ్లను లోపలికి పిలవండి" అన్నాడు.

తనతోనే నిండిపోయినవాడు చిన్న సెగకే పగిలిపోతాడు. మనసులో ఎదుటివారికి చోటిచ్చినవాడు నిప్పులోనైనా నిలుస్తాడు.