చెలమలో ఉప్పు

ఓబన్నకు కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు.

కొమ్మరేవుకు సుంకరి అతను. ఓడలొస్తే సరుకు చూసి పన్ను కట్టించుకునే అధికారి. ఊళ్లో రాజుగారి తర్వాత అంతటివాడు. అంతటివాడూ రెండు పూటలా సుంకపు చావడిలో ఒక్కడే కూర్చుని తింటున్నాడు. ఎదురుగా గోడకు ఆనించి కొన్ని చుక్కానులు ఉన్నాయి. పలకరించడానికి అవే దిక్కు.

చుక్కానులు అక్కడెందుకున్నాయంటే, ఆ రేవు ఆచారం అది. ఒడ్డుకు చేరిన ఏ ఓడైనా ముందు తన చుక్కాని ఊడదీసి చావడిలో అప్పగించాలి. పన్ను కట్టాక తిరిగి ఇచ్చేస్తారు. చుక్కాని లేని ఓడ ఎక్కడికీ పోలేదు కదా. ఒకప్పుడు చావడిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఇప్పుడు మిగిలినవి బాపిసెట్టి ఓడలవి మాత్రమే.

ఓబన్న చెడ్డవాడేం కాదు. సముద్రం మొహం చూడని మెట్ట సీమలో పుట్టి, అక్కడ పొలాల మీద శిస్తు వసూలు చేస్తూ మంచి పేరు తెచ్చుకున్నాడు. నిజాయితీపరుడని రాజుగారు ఏరికోరి పిలిపించుకున్నారు. వచ్చిన ఏడాదే గాలివాన పడి చేపలు పట్టే పల్లెకారుల గుడిసెలు కొట్టుకుపోయాయి. ఆకలికి ఏడ్చే పిల్లల్ని ఓబన్న చూశాడు. వెంటనే అంబలి పందిరి వేయించాడు. దాని ఖర్చుకని కొత్త కట్టడి చేశాడు. ఒక్క ఓడ ఉన్నవాడికి పాత పన్నే. ఓడలు పెరిగేకొద్దీ ఒక్కో ఓడ మీద పన్నూ పెరుగుతుంది. ఉన్నవాడు ఇవ్వక లేనివాడు ఇస్తాడా అని అతని వాదన. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ ఏడు బొక్కసం నిండింది, రాజుగారు శాలువా కప్పారు.

మరుసటి ఏడు పెద్ద ఓడల ఆసామి ఒకాయన కూతుర్ని చూసొస్తానని బయల్దేరి, పక్క రేవులో కొట్టు తెరిచాడు. ఆ తర్వాత ఇంకొకాయనకు ఉన్నట్టుండి కొమ్మరేవు గాలి పడలేదు. గాలి పడనివాళ్లు వరసగా ఎక్కువయ్యారు. బొక్కసం తగ్గింది కాబట్టి ఓబన్న మిగిలినవాళ్ల మీద ఇంకాస్త పెంచాడు. వాళ్లూ వెళ్లారు. మెట్ట సీమలో రైతు ఎంత తిట్టుకున్నా పొలాన్ని చాపలా చుట్టి చంకన పెట్టుకుని పోలేడు. ఇక్కడి ఆస్తి నీళ్ల మీద తేలుతుందని ఓబన్నకు తట్టలేదు. తాళ్లు పేనేవాళ్లకు పని పోయింది, తెరచాపలు కుట్టేవాళ్లకు పని పోయింది. పందిట్లో బారు పెరిగింది, అంబలి పలచనైంది.

చివరికి మిగిలింది బాపిసెట్టి ఒక్కడు. కొత్త సుంకరిని చూసి ఊరంతా తలుపులేసుకున్న రోజుల్లో ఇంటికి పిలిచి అన్నం పెట్టినవాడు. చేపంటే భయపడే ఓబన్నకు పక్కన కూర్చుని ముల్లు తీసుకోవడం నేర్పినవాడు. ఆ బాపిసెట్టి నిన్న చావడికి వచ్చాడు.

"ఎల్లుండి తెల్లారి గాలికి బయల్దేరతా ఓబన్నా. చుక్కానులు ఇప్పించు" అన్నాడు.

"మీగ్గూడా బరువైందా సెట్టిగారూ? మీకేం తక్కువ?"

"తినడానికి తక్కువ కాలేదులే. ఇంకో ఓడ కట్టించడానికి తక్కువైంది. నీ పందిట్లో ముంత పట్టుకుని నిలబడినోడు ఎవుడో చూశావా? పోయినేడు నా ఓడలో మూటలు మోసినోడే."

ఓబన్న చుక్కానులు రేపిస్తానన్నాడు. బాపిసెట్టి వెళ్లిపోయాక చావడికి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు. ఇవ్వడం అతనికి ఇష్టం లేదు. పన్ను పోతుందని కొంత, అంబలి ఆగిపోతుందని కొంత. ఆ మనిషి పోతే ఈ ఊళ్లో తనను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉండరన్నది మాత్రం తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఈరోజు ఎండ వాలుతుండగా గురువు దగ్గరికి బయల్దేరాడు.

గురువంటే మీరా సాహెబు అనే ముసలి ఫకీరు. ఊరి బయట ఇసుక దిబ్బ మీద ఉంటాడు. తాటాకు గుడిసె, ఒక గొంగడి, ఒక కుండ, ఒక లోటా, గుడిసె వెనక ఇసుకలో చేత్తో తవ్వుకున్న చిన్న చెలమ. అంతే ఆయన సంసారం. అలలు వినిపించేంత దగ్గర్లో సముద్రం ఉన్నా, ఆ చెలమలో ఊరే నీళ్లు తియ్యగా ఉంటాయి. దారిన పోయేవాళ్లంతా అక్కడ దాహం తీర్చుకుంటారు. ఇంటికి కుండలతో నీళ్లు మోయించుకునే ఓబన్న ఎప్పుడూ ఆ చెలమ దగ్గరికి వెళ్లలేదు. ఫకీరు ముంచి ఇస్తే తాగేవాడు.

గొంగడి దులుపుతున్న ఫకీరు కాళ్లకు దండం పెట్టి, ఓబన్న ఉన్నదంతా చెప్పాడు.

"సెట్టి పోతాండాడు సామీ. చుక్కానులు ఇచ్చేది లేదనుకుంటాండా. రేవు బాగు కోసమే గదా. మీరు సరే అంటే నా మనసు కుదుటపడతాది."

ఫకీరు కుండ తీసి చేతికిచ్చాడు.

"ముందు నీళ్లు పట్టుకురా నాయనా. పొద్దుగూకేలోగా ఇది నిండాలి."

చెలమ దగ్గర ఒక కొబ్బరి చిప్ప ఉంది. ఓబన్న మోకాళ్ల మీద కూర్చుని ముంచాడు. చిప్పలో సగానికి వచ్చాయి. మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. ముంచాడు, కూర్చున్నాడు, మళ్లీ ముంచాడు. కుండ అడుగు కూడా తడిసినట్టు లేదు. ఇంత నీటికి ఇంతసేపా అని అతనికి చిరాకేసింది.

పక్కకు చూస్తే గుడిసె గోడకు ఒక పార ఆనించి ఉంది. ఫకీరు దగ్గర పార ఉండగా అతను ఎప్పుడూ చూడలేదు. ఎవరు పెట్టారో ఆలోచించలేదు. పార కనబడగానే చేతులు వాటంతటవే లేచాయి. నీళ్లు తక్కువైతే ఇంకా లోతుకు దిగాలి. అతని ఊళ్లో వేసవి వేసవికీ అందరూ చేసే పని అదే. బావి అడుగున రాయి పగలగొట్టి నీళ్లు చూపించిన తండ్రిని తలుచుకుని, పంచె ఎగగట్టి తవ్వాడు. నడుం లోతు దిగేసరికి నాలుగు పక్కల నుంచీ నీళ్లు బుడబుడ పొంగాయి. ఓబన్నకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. కుండ అంచుదాకా నింపి, భుజాన పెట్టుకుని తెచ్చాడు. గురువు తాగకుండా తాను తాగడం మర్యాద కాదని చుక్క కూడా ముట్టలేదు.

ఫకీరు లోటా నిండా ముంచుకుని, మెల్లగా, చివరి చుక్క దాకా తాగాడు. మళ్లీ నింపి ఓబన్నకు ఇచ్చాడు.

"తాగు నాయనా."

ఓబన్న గుక్కెడు నోట్లో పోసుకుని అక్కడే ఉమ్మేశాడు. సముద్రాన్ని మింగినట్టుంది. పరుగున చెలమ దగ్గరికి వెళ్లి దోసిట్లో తీసుకుని చూశాడు. ఉప్పు. ఇంకోవైపు నుంచి తీసి చూశాడు. అక్కడా ఉప్పే. పైన ఇసుకలో వాననీరు పలచగా నిలిచి ఉంటుందని, దాని అడుగున సముద్రం కాచుకుని ఉంటుందని అప్పుడు గాని అతనికి తెలియలేదు.

వెనక్కి వచ్చేసరికి ఫకీరు గొంగడి భుజాన వేసుకుని ఉన్నాడు. కుండ ఒంపేసి చంకన పెట్టుకున్నాడు.

"యాడికి సామీ?"

"నీళ్లున్న చోటికి."

"నాకు తెలీక తవ్వినా. మీకు తెలుసు గదా, నన్నెందుకు ఆపలేదు?"

"ఆపితే ఆగేవాడివా?" అని ఫకీరు చిన్నగా నవ్వాడు. నవ్వుతూనే నడక మొదలుపెట్టాడు.

ఓబన్న అడ్డం వెళ్లి గొంగడి కొస గట్టిగా పట్టుకున్నాడు. "పోవద్దు సామీ. మీరు గూడా పోతే నాకెవురుండారు? మిమ్మల్ని పోనీను."

ఫకీరు విడిపించుకోలేదు. గుంజలేదు. అలాగే నిలబడి, తన గొంగడిని పట్టుకున్న ఆ పిడికిలి వైపు చూశాడు.

"పట్టుకో ఓబన్నా. నిలబడతాను. కాకపోతే దాహమేస్తుంది" అన్నాడు.

ఓబన్న తన చేతిని తనే చూసుకున్నాడు. కాసేపటికి వేళ్లు ఒకటొకటిగా వదులయ్యాయి. గొంగడి కొస జారి ఇసుకలో పడింది.

"చెలమలో నీళ్లు తియ్యకూడదా సామీ? దాహంతో వచ్చేవాళ్లకు ఏం పోయాలి?"

"తియ్యొద్దని నేనెప్పుడన్నా అన్నానా? చిప్ప అక్కడే ఉంది."

"ఆ ఉప్పు ఎప్పటికి దిగతాది?"

"అది వాన పని. తవ్వకుండా ఉండటం నీ పని."

ఫకీరు దిబ్బ దిగి ఒడ్డు వెంబడి ఉత్తరానికి నడిచాడు. కనిపించినంతసేపూ ఓబన్న చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గుంటలోకి ఇసుక తోసి పూడ్చాడు.

తెల్లారేసరికి బాపిసెట్టి ఓడ దగ్గర పనివాళ్లు ఆశ్చర్యపోయారు. సుంకరి స్వయంగా చుక్కాని భుజాన మోసుకుని నీళ్లలో దిగి వస్తున్నాడు. పెట్టి వెళ్లి ఇంకోటి తెచ్చాడు. అన్నీ తెచ్చేదాకా బాపిసెట్టి ఓడ అంచున నిలబడి చూశాడు.

"పన్ను ఎంత కట్టమంటావు?" అన్నాడు చివరికి.

"నేను రాకముందు ఎంత కట్టేవారో అంతే. ఎక్కువ తీసుకున్నది రాజుగారికి చెప్పి తిరిగి ఇప్పిస్తాను. ఉండమని అడగడానికి రాలేదు సెట్టిగారూ."

బాపిసెట్టి అతని తడిసిన పంచెను, ఒరుసుకుపోయిన భుజాన్ని చూశాడు. "అన్నం తిన్నావా?" అన్నాడు.

ఓడ మీదే ఇద్దరూ కూర్చుని తిన్నారు. ఓబన్న చేప ముళ్లు తనే తీసుకున్నాడు. గాలి తిరిగింది. బాపిసెట్టి అతని చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలాడు. ఓబన్న దిగి ఒడ్డున నిలబడ్డాడు. ఓడలు వెళ్లిపోయాయి.

రాజుగారు కొత్త కట్టడి ఎత్తేయడానికి ఒప్పుకున్నారు గానీ, వినేవాళ్లుంటే కదా. ఆ ఏడు రేవుకు ఓడ రాలేదు. అంబలి పందిరికి ఓబన్న తన జీతమే ఇచ్చాడు, అది ఏ మూలకీ చాలలేదు. చావడి గోడలు బోసిగా ఉన్నాయి. అతను తినేటప్పుడు ఎదురుగా చుక్కానులు కూడా లేవు.

వానలు వెలిశాక ఒక సాయంత్రం దిబ్బ మీదికి వెళ్లాడు. గుడిసె తాటాకు ఎగిరిపోయింది. పార తుప్పు పట్టి పడి ఉంది. దాన్ని ముట్టుకోకుండా, చేత్తో ఇసుకను జానెడు లోతు మాత్రం తీసి కూర్చున్నాడు. చాలాసేపటికి అడుగున కాసిని నీళ్లు ఊరాయి. కొబ్బరి చిప్పతో ముంచి నాలుక మీద వేసుకున్నాడు.

ఉప్పుంది. కానీ ఉమ్మేయాల్సినంత లేదు.

చిప్పను బోర్లించి అక్కడే పెట్టి, సముద్రం వైపు ఒకసారి చూసి, చీకటి పడకముందే ఇంటిదారి పట్టాడు.