మెట్లు లేని కడుపునొప్పి

ఏ కాలమో ఏమో, ఒక రాజ్యంలో వైద్యం నేర్చుకునే పిల్లలు కూడా మొక్కలు పెరిగే వేగం లెక్కలు కట్టాల్సిందే. లెక్కల పంతులు విస్సన్న రూలు ఒక్కటే: "జవాబొక్కటీ చాలదు, మెట్టుమెట్టూ చూపించాలి!" నూకాలు అనే పిల్ల రాసిన జవాబు రైటే, కానీ మెట్లు రాయలేదని సున్నా పెట్టేశాడు. సున్నా వచ్చినవాళ్లని ఇక రేపు బడి నుంచి గెంటేయడమే.

ఆ సాయంత్రమే పంతులు పొట్ట పట్టుకుని పిల్లలుండే వసతింటికి పరిగెత్తుకొచ్చాడు. "కడుపునొప్పే నూకాలూ! మందియ్యవే తల్లీ!"

"అది జవాబు పంతులుగారూ. మెట్లేవీ? పొద్దున్నుంచీ ఏం తిన్నారో వరసగా చెప్పండి."

పిల్లలంతా మూగారు. పంతులు వేళ్లు మడుస్తూ లెక్క మొదలెట్టాడు. "పులిహోర... గారెలు... మీ వంటింట్లో దాచిన అరిసెలన్నీ..."

పిల్లలు గొల్లున నవ్వారు. నూకాలు గుప్పిట తెరిస్తే అందులో వాము రెడీగా ఉంది.

"ఓసి నీ! నేను చెప్పకముందే తీశావా? ఎలా తెలిసిందే?"

"మీ మీసాలకి నువ్వులు అంటుకున్నాయిగా. మెట్లు లేకుండానే జవాబొచ్చేసింది!"

పంతులు వాము నములుతూ, నొప్పిలోనే పకపకా నవ్వుతూ ఆ సున్నా కొట్టేశాడు.