ఏ గట్టుదీ కాని లంక

అనగనగా ఒక పట్నం. ఆ పట్నం మధ్యలోంచి ఒక నది. ఊఁ కొట్టవేంటే? ఆఁ, అలా. నువ్వు ఊఁ కొడుతుంటేనే నాకు కథ సాగుతుంది.

నదికి ఇటు తూర్పు గట్టు, అటు పడమటి గట్టు. పేరుకి ఒకటే పట్నం గానీ, ఆ రెండు గట్లవాళ్ళకీ క్షణం పడేది కాదు. తూర్పువాళ్ళు పులుసులో బెల్లం వేస్తే పడమటివాళ్ళు మూతి ముడిచేవాళ్ళు. పడమటివాళ్ళు గట్టిగా నవ్వితే తూర్పువాళ్ళు బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. అప్పటికి వంతెన లేదు. అటు పోవాలన్నా ఇటు రావాలన్నా పడవలే దిక్కు.

తూర్పు గట్టున గంగులు అని ఒక పడవాయన ఉండేవాడు. ఆయనకి చిలకమ్మ ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల. తండ్రి పక్కన తెడ్డు పట్టుకునే పెరిగింది. అమ్మో, ఆ పిల్ల గడ వేసిందంటే పడవ సుడిలో కూడా తిన్నగా పోయేది! పడమటి గట్టున నూకరాజు అని ఇంకో పడవ కుర్రాడు. ఇద్దరూ రోజూ నది మధ్యలో ఎదురుపడేవాళ్ళు. ముందు చూపులు కలిశాయి. ఆ తర్వాత మాటలు కలిశాయి. ఆ తర్వాత ఇంకేముంది, పెద్దవాళ్ళు తాంబూలాలు పుచ్చుకున్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. పెళ్ళంటే ఎదురుకోలు ఉండాలి కదా. మగపెళ్ళివారు వస్తుంటే ఆడపెళ్ళివారు బాజాలతో ఎదురెళ్ళి, పానకం ఇచ్చి, మర్యాదగా పిలుచుకురావాలి. మామూలుగా అయితే ఊరి పొలిమేరలో చేస్తారు. మరి మధ్యలో నది ఉంటే ఎవరు ఎంతదూరం రావాలి?

మొదటి ముహూర్తం మాఘంలో పెట్టారు. "మా రేవులో దిగండి, పిలుస్తాం" అన్నాడు గంగులు. "మా రేవులో దిగండి, పిలుస్తాం" అన్నాడు గంగులు. ఎవరూ కదల్లేదు. ముహూర్తం దాటిపోయింది.

రెండోది ఫాల్గుణంలో. ఈసారి రెండువైపులా పడవలు బయల్దేరాయి. అప్పుడు గంగులు, "మీ పడవ ఇంకాస్త ముందుకు రావాలి" అన్నాడు. మీదే రావాలన్నారు వాళ్ళు. ఎండలో అలా నిలబడి నిలబడి పెళ్ళికొడుకు మెడలో దండ వాడిపోయింది. ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

మూడోది వైశాఖంలో. సరిగ్గా సగంలో కలుద్దామని ఒప్పుకున్నారు. అమ్మయ్య అనుకుంది చిలకమ్మ. అప్పుడు గంగులు చెయ్యి చాపి, "సగం ఇది కాదు, అదిగో, అది" అన్నాడు. అంతే! ఇదంటే కాదు, అదంటే కాదు. పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుని, పానకం బిందె కాస్తా బుడుంగుమని నీళ్ళలో పడింది. పానకమంతా నదే తాగింది. నవ్వకే, అక్కడ పాపం పిల్ల ఏడుస్తుంటే!

నూకరాజు నాయనమ్మ అంకమ్మకి ఒళ్ళు మండిపోయింది. "కార్తీకం దాకా చూస్తాం. అప్పటికీ కాకపోతే మా పిల్లాడికి మా గట్టునే సంబంధం చూసుకుంటాం" అని తెగేసి చెప్పేసింది.

చిలకమ్మ బెంగపెట్టుకుంది. అన్నం సయించలేదు. కూర్చున్నా అదే ఆలోచన, నిలబడ్డా అదే ఆలోచన. ఊగే పడవల్లో నిలబడి ఎవరు మాత్రం సర్దుకుంటారు? కాళ్ళకింద నేల ఉండాలి. అది ఇటువాళ్ళదీ కాకూడదు, అటువాళ్ళదీ కాకూడదు. కానీ నది మధ్యలో నేల వెయ్యండి బాబూ అంటే ఎవరు వేస్తారు? బతిమాలితే ఎవరూ కదలరు. పంతం పుట్టిస్తే మాత్రం పరిగెత్తుకొస్తారు. ఆ సంగతి చిలకమ్మకి బాగా తెలుసు.

మర్నాడు రేవులో తండ్రి పక్కనే నిలబడి, బట్టలుతికే ఆడవాళ్ళతో అంది. "చూశావా అత్తా, పడమటోళ్ళు నది మధ్యలో రాళ్ళు పోస్తున్నారంట. రేపు నదంతా మాదే అంటారు కాబోలు!" అటు గట్టున నూకరాజు కూడా, చిలకమ్మతో ముందే అనుకున్నట్టు, తూర్పోళ్ళ మీద అదే మాట చెప్పాడు.

ఇంక చూడు, రెండు గట్లూ లేచాయి. ఎండాకాలం కదా, మధ్యలో మెరక ఉన్నచోట నీళ్ళు మోకాలిలోతే. పగిలిన తిరగళ్ళు, అరిగిపోయిన సన్నికళ్ళు, కూలిన గోడల ఇటుకలు, ఏది దొరికితే అది తెచ్చి పోశారు. వాళ్ళు ఒక పడవ పోస్తే వీళ్ళు రెండు పడవలు పోసేవాళ్ళు.

అందరికంటే ఎక్కువ మోసింది గంగులే. పొద్దున్నే పెద్ద పెద్ద బండలు పడవకెత్తుకుని బయల్దేరేవాడు. మధ్యాహ్నం నడుం పట్టుకుని అరుగు మీద వాలిపోయేవాడు. చిలకమ్మ ఆముదం కాచి నడుముకి రాస్తూ, అయ్యో, నా మాట నమ్మి ఇంత కష్టపడుతున్నాడే అని లోపల్లోపల కుమిలిపోయేది. అయినా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడు వానలు పట్టుకున్నాయి. వరదొచ్చింది. రాళ్ళన్నీ మునిగిపోయాయి. అంతా కొట్టుకుపోయిందనే అనుకుంది చిలకమ్మ. ఆ తర్వాత వరద తీసింది. చూస్తే ఏముంది! రాళ్ళ సందుల్లో ఒండ్రు పట్టి గట్టిపడింది. పైన రెల్లుగడ్డి మొలిచింది. చక్కటి లంక. ఎంతుందనుకున్నావు? మన వంటిల్లూ వసారా కలిపితే ఎంతో, అంత.

కార్తీకంలో నాలుగో ముహూర్తం వచ్చింది. రెండువైపులవాళ్ళూ లంక మాదంటే మాదని అరుచుకుంటూనే దాని మీదికి దిగారు. దిగాక తెలిసింది, పోట్లాడుకోవడానికి అక్కడ చోటే లేదని. "కాస్త జరగండీ" అంటే, "ఎక్కడికమ్మా జరిగేది, నీళ్ళలోకా?" ఒకర్ని తోస్తే తోసినవాళ్ళే పడిపోతారు. దాంతో పడిపోకుండా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అంకమ్మ అయితే గంగులు జబ్బ పట్టుకుని వేలాడింది! అందరికీ నవ్వొచ్చింది. ఎవరు ఎవరికి ఎదురొచ్చారో ఎవరికీ తెలీలేదు. పానకాలు తాగారు, తూర్పు గట్టుకెళ్ళారు, పెళ్ళి జరిగిపోయింది.

మర్నాడు అప్పగింతలు. ఆ పట్నంలో ఒక ఆచారం ఉండేది. కూతురికి బిడ్డ పుట్టేదాకా తండ్రి అల్లుడి గట్టు తొక్కకూడదు, కూతురు పుట్టింటి గట్టు తొక్కకూడదు. అందుకని గంగులు కూతుర్ని లంక దాకా తీసుకొచ్చి ఆగిపోయాడు. అటు నుంచి నూకరాజు పడవ వచ్చి నిలబడింది.

చిలకమ్మ తండ్రి చెయ్యి వదల్లేకపోయింది. "అయ్యా, పడమటోళ్ళు రాళ్ళు పోస్తున్నారని నేనే…" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాకు తెలీదటే పిచ్చితల్లీ?" అన్నాడు గంగులు. "నీ మొహం చూస్తే నాకు తెలియదా నువ్వు చెప్పేది అబద్ధమో నిజమో. ఆ మూడుసార్లూ తగువు లేవదీసింది ఎవరనుకున్నావు? నేనే. నువ్వెళ్ళిపోతే ఇంట్లో నాకెవరున్నారు? నేనా గట్టు, నువ్వీ గట్టు తొక్కకూడదాయె, నిన్నెట్లా చూసుకోను? కానీ నువ్వు అన్నం మానేసి కూర్చుంటే నావల్ల కాలేదు. ఎదురుకోలు కోసం మోయలేదమ్మా నేను రాళ్ళు. ఇది ఏ గట్టూ కాదు. ఇక్కడికి నేనూ రావచ్చు, నువ్వూ రావచ్చు."

చిలకమ్మ కళ్ళు తుడుచుకుంది. తండ్రి చెయ్యి కళ్ళకద్దుకుని పడవెక్కింది.

ఆ తర్వాత రోజూ ఎండ చల్లబడ్డాక గంగులు ఇటు నుంచి వచ్చేవాడు, చిలకమ్మ అటు నుంచి వచ్చేది. లంక మీద కూర్చుని కాసేపు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అది చూసి మిగతా తండ్రులూ మొదలుపెట్టారు. తూర్పు పిల్లని పడమటికిచ్చినా, పడమటి పిల్లని తూర్పుకిచ్చినా, ఆ లంకే అందరికీ పుట్టిల్లయింది.

అలా ఏళ్ళు గడిచాయి. గంగులు పోయాడు. చిలకమ్మ ముసలిదైంది. అప్పుడు నది కొలవడానికి ఒక ఆఫీసరు పడవలో వచ్చాడు. "ఈ లంక ఎవరిది?" అని తూర్పు గట్టున అడిగాడు. "మాది కాదండీ" అన్నారు. పడమటి గట్టున అడిగాడు. "మాది కాదు బాబూ" అన్నారు. ఆయన బిత్తరపోయాడు. జానెడు నేల కోసం కొట్టుకు చచ్చేవాళ్ళని చూశాడు గానీ, మాకొద్దు అనేవాళ్ళని ఎక్కడా చూళ్ళేదు మరి.

"మరి ఎవరిదమ్మా ఇది?" అని చిలకమ్మని అడిగాడు.

"ఎవరిదీ కాదు నాయనా. దాన్ని ఎవరో ఒకరిది చేశారంటే, ఇంక ఏ తండ్రీ అక్కడ కూతుర్ని చూసుకోలేడు" అంది చిలకమ్మ.

కథేమో కంచికి చేరె,
పడవేమో గట్టుకు చేరె,
ఊఁ కొట్టే బంగారుతల్లి
నిద్దర్లోకి మెల్లగా జారె.