ఒక్కచేతి గంధం

హుసేన్‌పీరాకు ఎడమవైపు ఛాతీలో నొప్పి మొదలైనప్పుడు, నమ్మితే నమ్మండి లేకుంటే లేదు, వాడు సంతోషపడ్డాడు.

ఎందుకు పడడు? వాడుండే కొండకింది దర్గాలో ప్రతి గురువారం ఖవ్వాలీ జరుగుతుంది. దేవుడి మీద ప్రేమ ముదిరితే గుండెలో బాణం దిగుతుందని, అది దిగినవాడే అదృష్టవంతుడని పాడతారు. ఏళ్ళ తరబడి ఆ పాటలకు తల ఊపిన కుర్రవాడికి నిజంగానే గుండె దగ్గర కలుక్కుమంటే ఏమనుకుంటాడు? వచ్చేసింది అనుకున్నాడు.

ఆ రోజునుంచి వాడి నడకే మారిపోయింది. చెయ్యి గుండెమీద, చూపు కొండమీద. పలకరిస్తే ఒక నిట్టూర్పు. దర్గాలో వంటచేసే ఓబులేసు ఇదంతా చూస్తున్నాడు. వయసులో పెద్దవాడు, గురువుగారైన సత్తార్ షా బాబా దగ్గర పీరాకంటే చాలా ముందు చేరిన శిష్యుడు. ఒకరోజు ఇక ఊరుకోలేక అడిగేశాడు.

"ఏమిరా పీరా, గ్యాసా?"

పీరాకు ఒళ్ళు మండింది. "నీకు అర్థం కాదులే అన్నా. ఇది వేరే నొప్పి."

"వేరేదైనా సరే, వాము నీళ్ళు తాగి చూడు," అని ఓబులేసు పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ నొప్పికి కొన్నాళ్ళ ముందే దర్గాలో ఉరుసు పండగ పనులు మొదలయ్యాయి. ఉరుసుకు గంధం కావాలి. అంగట్లో దొరికే పొడి ఆ దర్గాలో పనికిరాదు. గంధపు చెక్కను సానరాయి మీద నీళ్ళు చల్లుతూ అరగదీసి, ఆ ముద్దతో గిన్నె నింపాలి. ఏటా ఆడా మగా అందరూ వంతులవారీగా కూర్చుని, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకుంటూ తీస్తారు. సగం గంధం, సగం చాడీలు. ఈ ఏడు మాత్రం పీరా ఒక మొక్కు మొక్కుకున్నాడు. గంధమంతా తన ఒక్కచేత్తోనే తీస్తాడట, ఇంకొకరి చెయ్యి పడకూడదట. ఆ మాట చెప్తే బాబా వాడివైపు ఒకసారి చూసి "సరే" అన్నాడు, అంతే.

వాడిది ఎడమచేతి వాటం. తెల్లవారి నమాజు కాగానే సాన ముందు కూర్చుని, ఎడమచేత్తో చెక్క పట్టుకుని, ఒంటి బరువంతా దానిమీద వేసి అరగదీసేవాడు. మధ్యాహ్నం దాకా లేచేవాడు కాడు. ఎవరైనా "ఇటివ్వు, కాసేపు నేను తీస్తా" అని దగ్గరికొస్తే, గద్దను చూసిన పిల్లలకోడిలాగా మీదికొచ్చేవాడు. పోనీలే, కుర్రతనం అని అందరూ వదిలేశారు.

ఇట్లా ఉండగా పీరా తల్లి హలీమాబీ ఊరినుంచి వచ్చింది. ఉరుసు కాగానే కొడుక్కి నిఖా. పిల్ల పక్క ఊరి టైలరు కూతురు జైబున్నీసా. పెళ్ళిచూపుల రోజు ఆ పిల్ల తెచ్చిచ్చిన టీ చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాడని వీణ్ణి ఇప్పటికీ ఏడిపిస్తారు. పెళ్ళి సంగతులే మాట్లాడుదామని తల్లి నవ్వుకుంటూ లోపలికొచ్చి, కొడుకు ఛాతీమీద చెయ్యి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"చెయ్యి తీయిరా," అంది.

"ఏమైందమ్మా?"

"మీ అన్న కూడా అట్లనే పట్టుకోని తిరిగినాడు. ఏమిరా అంటే ఏంలేదన్నాడు." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అన్న అంటే మౌలాలి. ముప్ఫై కూడా నిండలేదు. బియ్యం మిల్లులో పనిచేస్తూ చేస్తూ కూలిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోగా ప్రాణం పోయింది. గుండె అన్నారు.

ఇంకేముంది, పీరాకు ప్రేమ దిగిపోయి భయం ఎక్కి కూచుంది. నొప్పి అదే నొప్పి, కానీ ఇప్పుడు తుమ్మితే చావు, దగ్గితే చావు. అన్నం గొంతు దిగదు. తల్లికి మాత్రం "గంధం తీసి తీసి అలిసినానమ్మా, ఏంలేదు" అని ఒట్టేశాడు. అబద్ధం చెప్పాననుకున్నాడు పాపం.

మరునాడు పొద్దున్నే బాబా దగ్గరికి వెళ్ళాడు. ఆయన అరుగుమీద చాట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు.

"బాబా, మా అమ్మకు మీరొక మాట చెప్పాల. ఈ పెళ్ళి వద్దని."

"ఎందుకు వద్దు?"

"మా అన్నకొచ్చిందే నాకూ వచ్చింది బాబా. నాకింక ఎన్నాళ్ళో లేవు. మా ఇంట్లో మా వదినను చూస్తానే ఉండాను. ఇంకో ఆడపిల్లకు ఆ గతి పట్టకూడదు." కళ్ళు తుడుచుకుని, "ఆ గంధం పూర్తయ్యేదాకా ప్రాణం నిలిచేటట్టు దువా చేయండి. అది చాలు," అన్నాడు.

బాబా చాట పక్కన పెట్టాడు.

"నొప్పి ఎప్పటినుంచి?"

"కొన్నాళ్ళనుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

పీరా తల వంచుకున్నాడు. ఏమని చెప్తాడు? "మొదట్లో... వేరే ఏదో అనుకున్నాను బాబా."

బాబా మీసం కొంచెం కదిలింది. నవ్వలేదు.

"చెప్పులేసుకో."

"యాడికి బాబా?"

"ఆస్పత్రికి."

"మరి దువా?"

"బస్సులో చేస్తాలే. నడువు."

టౌన్లో డాక్టరమ్మ, వాడి అన్న పోయిన సంగతి వినగానే, వాణ్ణి వరసలోంచి తీసి లోపలికి పంపించింది. ఈసీజీ తీశారు. తర్వాత టీవీ లాంటిదానిలో గుండెను చూపించే పరీక్ష చేశారు. వాడి గుండె వాడికే కనబడింది. బాణమూ లేదు, గీణమూ లేదు. చిన్న పిట్టలాగా టపటపా కొట్టుకుంటోంది. పాపం, ఎంత కష్టపడుతోంది అనిపించి వాడికి దానిమీద జాలేసింది.

డాక్టరమ్మ అడిగింది. "పరిగెత్తితే, మెట్లెక్కితే నొప్పి ఎక్కువవుతుందా?"

"లేదమ్మా."

"ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడినావా? ఆయాసం, జ్వరం?"

"లేవమ్మా."

ఆమె వేలితో రొమ్ము ఎముక పక్కన, ఎడమవైపు, ఒకచోట నొక్కింది.

"అబ్బా!" అని పీరా మంచం మీదనుంచి ఎగిరినంత పనిచేశాడు.

"ఈ నొప్పేనా?"

"ఇదేనమ్మా! ఇదే!"

బయట జపమాల తిప్పుతూ కూర్చున్న బాబాను లోపలికి పిలిచి చెప్పింది. "గుండె నిక్షేపంగా ఉంది పెద్దాయనా. పక్కటెముక వచ్చి రొమ్ము ఎముకకు అతుక్కునే చోట వాచింది. ఈ వయసువాళ్ళకు ఛాతీలో నొప్పంటే ఎక్కువసార్లు ఇట్లాంటిదే. కండ పట్టడమో, ఎముక వాపో, కడుపులో మంటో, మనసులో దిగులో. అట్లాగని మనంతట మనమే తేల్చుకోకూడదు. అందులోనూ వీళ్ళ అన్న అట్లా పోయినాడు. మొదటిరోజే రావాల్సింది." మళ్ళీ పీరావైపు తిరిగింది. "బరువులు మోసినావా? కొత్తగా ఏమైనా పని మొదలుపెట్టినావా?"

"పనా? ఏ పనీ లేదమ్మా. దర్గాలో కూర్చోనుంటాను. సేవ."

బాబా తిరుగుతున్న ఫ్యానును శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఏ పనీ లేకుండా ఇట్లా వాయదే," అంది డాక్టరమ్మ. "ఏదో చేస్తున్నావు. అదేదో కనుక్కోని కొన్నాళ్ళు మానెయ్. మాత్రలిస్తాను. నొప్పి మారినా, ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే వచ్చెయ్. అన్నకు వచ్చింది కాబట్టి ఏడాదికొకసారి ఊరికే వచ్చి చూపించుకుని పో."

బస్టాండులో బాబా ఉగ్గాని, బజ్జీ ఇప్పించాడు. నిన్నటినుంచి లేని ఆకలి ఇప్పుడేసింది. మొదటి ముద్ద నోట్లో ఉండగానే పీరాకు ఏడుపొచ్చేసింది. బతికాను రా నాయనా, అనుకున్నాడు. ఏడుస్తూనే ఇంకో ప్లేటు చెప్పాడు. బాబా తన ప్లేటులో బజ్జీ కూడా వాడి ప్లేటులోనే వేశాడు.

బస్సెక్కాక మళ్ళీ అనుమానం పట్టుకుంది.

"బాబా, ఏ పనీ చేయకుండా ఎముక ఎట్లా వాచుంటుంది?"

బాబా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"డాక్టరమ్మ ఏమైనా పొరబడిందేమో?"

దర్గా వచ్చేసరికి వాడి మొహంలో సగం భయం తిరిగొచ్చేసింది.

మెట్ల దగ్గర హలీమాబీ, ఓబులేసు నిలబడి ఉన్నారు. పీరా లోపలికి వస్తూనే "ఏంలేదంటమ్మా, గుండె బాగుందంట" అన్నాడు. ఆమె అక్కడే మెట్టుమీద కూలబడి కొడుకు మోకాళ్ళు పట్టుకుంది. పీరా ఆమె తల నిమిరి, సాన వైపు నడిచాడు. పొద్దున్నుంచీ గంధం ఆగిపోయింది మరి, మొక్కేమవుతుంది?

బాబా వచ్చి వాడికి ఎదురుగా కూర్చున్నాడు.

"తియ్యి, చూస్తా."

పీరా నీళ్ళు చల్లాడు. ఎడమచేత్తో చెక్క పట్టి, ముందుకు వంగి, బరువంతా వేసి నెట్టాడు.

"స్స్..."

చెయ్యి దానంతటదే ఛాతీమీదికి పోయింది. ఆగాడు. మళ్ళీ నెట్టాడు. మళ్ళీ అదే చోట కలుక్కుమంది.

చేతిలోని చెక్కను చూశాడు. సానను చూశాడు. బాబాను చూశాడు. బాబా గడ్డం దువ్వుకుంటున్నాడు.

"బాబా, ఇది పని కాదు కదా! సేవ కదా!"

"ఆ సంగతి ఎముకకు ఎవరు చెప్తారురా?"

వెనకాల ఓబులేసు కిసుక్కుమన్నాడు. పీరాకు కోపం రావాల్సింది, రాలేదు. గుండెల మీదనుంచి ఏదో పెద్ద బండ దొర్లిపోయినట్టుంది. ఇదా? ఇంతేనా? దీనికా నేను పెళ్ళి వద్దన్నది?

బాబా వాడి చేతిలోంచి చెక్క తీసుకుని ఓబులేసుకిచ్చాడు. ఓబులేసు కాసేపు తీసి, చీపురు పక్కన పెట్టి వచ్చిన ముసలి ఫాతిమాకిచ్చాడు. ఆమె తీసి హలీమాబీకిచ్చింది. పీరా ఒక్కొక్క చెయ్యి మారుతుంటే మింగలేక కక్కలేక చూస్తున్నాడు. ఆఖరికి నోరు తెరిచాడు.

"బాబా, నా మొక్కు... ఒక్కచేతి గంధం..."

బాబా అందరూ తీసిందీ పీరా అంతకుముందు తీసిందీ ఒకే గిన్నెలో కలిపాడు. అందులోంచి వేలితో కొంచెం తీసుకుని, పీరా చొక్కా గుండీ విప్పి, నొప్పి ఉన్నచోట రాశాడు.

"చల్లగా ఉందా?"

"ఉంది బాబా."

"ఇందులో నీది ఏది?"

పీరా తలవంచి తన ఛాతీని చూసుకున్నాడు. వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. పక్కన సాన మీద తల్లి చెయ్యి గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

బాబా లేస్తూ లేస్తూ అన్నాడు. "మీ అమ్మకు నేనేదో చెప్పాలంటివే పొద్దున? ఏమిటది, మరిచిపోతి."

హలీమాబీ చెయ్యి ఆగింది. తల ఎత్తి కొడుకును చూసింది.

పీరా చొక్కా గుండీ పెట్టుకున్నాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

"ఏంలేదమ్మా," అన్నాడు. "నిఖా రోజుకు కూడా ఇందులోంచి కొంచెం దాచిపెట్టు."